చూరులో తాత తుపాకి: బాగు చేయించాల్సింది దేన్ని?

పోయిన నెల మైలవరం అవతలి తండా నుంచి ఒక తమ్ముడు విజయవాడ వచ్చి మమ్మల్ని కలిశాడు. కూర్చోగానే అడిగిన మొదటి మాట: "అన్నా, ఆటోనగర్లో మీకు తెలిసిన లేతు పనివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

ట్రాక్టరు పార్టు ఏదో పోయిందేమో అనుకున్నాం. కాదు, వాళ్ల తాత తుపాకి. తాత చనిపోయి తొమ్మిదేళ్లయింది. తుపాకి మాత్రం గోనెపట్టాలో చుట్టి ఇంటి చూరులో దోపి ఉంది. మొన్న వానలకు ముందు కప్పు మారుస్తుంటే కిందికి దించారు. చూస్తే దాని సేఫ్టీ నిలవడం లేదు. లోపలి ముక్క ఒకటి అసలు లేనే లేదు. "ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు తిరుగుతున్నారన్నా. ఆ ముక్క ఒక్కటి చేయించి పెట్టేస్తే భయం ఉండదు కదా" అన్నాడు.

బెజవాడ చుట్టుపక్కల పుట్టినవాడికి ఎవరికైనా వచ్చే ఆలోచనే అది. ఎంత పాత బండి పార్టయినా సరే, నమూనా చూపిస్తే చెక్కి ఇచ్చే చేతులు ఆటోనగర్లో ఉన్నాయి. ఆ నమ్మకంతోనే వచ్చాడు. మేం మాత్రం ఒకటే చెప్పాం. "తమ్ముడూ, ఆ పని చెయ్యొద్దు. అక్కడ అడగను కూడా అడగొద్దు."

అతని ముఖం వాడిపోయింది. "మరి ఏం చెయ్యమంటారన్నా? కాలవలో పారేస్తే ఇంకెవరికో దొరుకుద్ది. స్టేషన్లో ఇస్తే నామీదే కేసు రాస్తారు. ఇంట్లో ఉంచితే పిల్లలు."

ఈ మూడింటి మధ్య ఇరుక్కున్నది ఆ తమ్ముడు ఒక్కడే కాదు. ఎ.కొండూరు, మైలవరం, విస్సన్నపేట వైపు సుగాలీ తండాల్లో గానీ, డెల్టా ఊళ్ల చివర గుడిసెలేసుకున్న యానాదులు, ఎరుకలు, నక్కలోళ్లలో గానీ ఇలాంటి ఇనప ముక్క ఒకటి తాతల నుంచి మిగిలి ఉండొచ్చు. దాని గురించి ఎవరూ బయటికి మాట్లాడరు. మాట్లాడితే కేసవుద్దేమోనని భయం. మాట్లాడకపోతే ఏదో ఒక రోజు పేలుద్దేమోనని భయం. అందుకే ఈసారి సంపాదకీయంలో దీని గురించే రాస్తున్నాం.

ముందు తుపాకి సంగతి.

అది మూతి వైపు నుంచి మందు, గుళ్లు దట్టించే రకం. పేపర్లలో నాటు తుపాకి అని రాస్తారు, కొన్నిచోట్ల బర్మార్ అంటారు. ఇప్పటి తుపాకులకు ఉన్నట్టు విడిగా సేఫ్టీ బొత్తం ఈ రకానికి సాధారణంగా ఉండదు. హ్యామర్‌ను వెనక్కి లాగేటప్పుడు సగం దూరంలో ఒక గాడి దగ్గర ఆగుతుంది. అక్కడ ఆగి ఉండగా ట్రిగ్గర్ మీద వేలు పడినా హ్యామర్ పడకూడదు. ఆ సగం గాడే దాని సేఫ్టీ. ఏళ్ల తరబడి వాడితే గాడి అరుగుతుంది, స్ప్రింగు పట్టు తప్పుతుంది, పట్టి ఉంచే ముక్క విరిగి ఎక్కడో రాలిపోతుంది. అప్పుడిక వేలు కూడా అక్కర్లేదు. కింద పడినా, తలుపుకి తగిలినా హ్యామర్ పడొచ్చు.

ఇంకో సంగతి. మూతి నుంచి దట్టించే తుపాకిలో లోపల మందు ఉందో లేదో పైకి చూస్తే తెలియదు. తాత చివరిసారి పంది కోసం దట్టించి, అది రాక, అలాగే చూరులో పెట్టేశాడేమో ఎవరికి తెలుసు? తుపాకి మందు పొడిగా ఉంటే ఏళ్లు గడిచినా మండుతుంది. గొట్టం లోపలి తుప్పు కూడా బయటికి కనపడదు. తుప్పు తిన్న గొట్టంలో మందు మండితే గుళ్లు ముందుకే పోతాయన్న నమ్మకం లేదు. పట్టుకున్నవాడి చేతిలోనే గొట్టం చీలిపోవచ్చు.

ఇక ఆ పోయిన ముక్క. దానికి నమూనా లేదు. లేతు పనివాడు ఎంత నేర్పరి అయినా కంటి అంచనా మీదే చెక్కాలి. ఏ ఉక్కు వాడాలో, దానికి ఎంత పదును పెట్టాలో బండి పార్టులు చేసేవాడికి తెలిసే అవకాశం లేదు. కొత్త ముక్క పెట్టాక నాలుగు రోజులు బాగానే పట్టి ఉంటుంది. ఐదో రోజు జారుతుంది. సేఫ్టీ లేదని తెలిసిన తుపాకి దగ్గరికి పిల్లల్ని ఎవరూ పోనివ్వరు. సేఫ్టీ ఉందనుకున్న తుపాకిని మాత్రం మంచం కింద పెట్టి నిద్రపోతారు. అందుకే ఉన్నట్టు కనపడే సేఫ్టీ, లేని సేఫ్టీ కంటే పెద్ద ప్రమాదం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చట్టం దగ్గర మళ్లీ దీనితోనే పని పడుతుంది.

ఇప్పుడు చట్టం.

1959 ఆయుధాల చట్టం సెక్షన్ 3 ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి దగ్గర ఉంచుకోకూడదు. ఉంచుకుంటే సెక్షన్ 25(1బి) కింద 2 నుంచి 5 ఏళ్ల జైలు. 2019 సవరణకు ముందు ఇది 1 నుంచి 3 ఏళ్లే. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది సెక్షన్ 5. లైసెన్సు లేకుండా తుపాకులు తయారు చేయడం, అమ్మడం ఎలా నేరమో, రిపేరు చేయడం కూడా అలాగే నేరం. రిపేరు అనే మాట చట్టంలో రాసే ఉంది. దానికి సెక్షన్ 25(1)(ఎ) కింద శిక్ష 7 ఏళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు.

అంటే ఏమైంది? సేఫ్టీ లేని తుపాకిని పిల్లల మధ్య అలాగే వదిలేస్తే చిన్న నేరం. పిల్లలకు దెబ్బ తగలకూడదని సేఫ్టీ పెట్టించబోతే పెద్ద నేరం. పని చేసిపెట్టిన లేతు కుర్రాడికి ఆ ముక్క దేనికో తెలిస్తే అతని మెడకూ అదే సెక్షన్. బండ్లు బాగు చేసుకుని బతికే కుర్రాడిని తుపాకుల తయారీ ముఠా మనిషిగా రాయడానికి ఎఫ్ఐఆర్‌లో ఎక్కువ చోటు అక్కర్లేదు. ఆ తమ్ముడిని ఆటోనగర్ వైపు పోవద్దన్నది అందుకే.

సెక్షన్ 5 తప్పు అని మేం అనడం లేదు. ఎవడు పడితే వాడు తుపాకులు బాగు చేయడం మొదలుపెడితే ముందు పోయేవి పేదవాళ్ల ప్రాణాలే. మేం అడిగేది వేరు. ఈ చట్టంలోనే పేదవాడి కోసం రాసి పెట్టిన సేఫ్టీలు కొన్ని ఉన్నాయి. అవి మనదాకా వచ్చేసరికి ఎందుకు పట్టడం లేదు?

ఒక్కొక్కటే చూద్దాం.

ఒకటి, సెక్షన్ 13. పంట కాపలా కోసం నిజంగా అవసరమైన పౌరుడికి మూతి నుంచి దట్టించే తుపాకికి లైసెన్సు ఇచ్చే వీలు ఇందులో ఉంది. ఈ రకం తుపాకి పేరు, పంట కాపలా అనే అవసరం, రెండూ చట్టంలోనే ఉన్నాయి. ఆ తమ్ముడి తాత అలా తెచ్చుకున్నవాడే. మొక్కజొన్న, వేరుశనగ మీద పడే అడవి పందుల కోసం లైసెన్సు తీసుకున్నాడు. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా స్టేషన్లో తుపాకి అప్పజెప్పి, అయ్యాక తెచ్చుకునేవాడు. తర్వాత రెన్యూవల్ ఆగిపోయింది. ఎందుకు ఆగింది? ఎన్టీఆర్ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లో. అప్పటిదాకా ఈ వైపు తండాలకు జిల్లా కేంద్రం బందరు. పోవడానికి వంద కిలోమీటర్ల పైనే. ఒకసారి పోతే సారు లేరు, ఇంకోసారి పోతే ఫారం మారింది, మూడోసారి కూలి పోగొట్టుకుని పోవడానికి ముసలాయనకు ఓపిక లేదు. కాగితానికి చెదలు పట్టింది. చట్టం దృష్టిలో నిన్నటిదాకా లైసెన్సుదారుడైన మనిషి ఇవాళ్టి నుంచి ముద్దాయి. ఆయన చేసిన పనిలో తేడా ఏమీ లేదు.

రెండు, సెక్షన్ 21. లైసెన్సు గడువు తీరినా, మరే కారణంతో అయినా తుపాకి ఉంచుకునే హక్కు పోయినా, దాన్ని ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పజెప్పాలి. తాత పోయిన ఇంటికి చట్టం చూపించిన దారి ఇదే. ఆ ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పినవాళ్లెవరు? చావు కబురు వీఆర్వోకి చేరింది, పింఛను ఆగింది. తుపాకి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. తొమ్మిదేళ్ల తర్వాత మనవడు తీసుకెళ్లి ఇస్తే "ఇన్నాళ్లు ఎందుకు దాచావు" అన్నది మొదటి ప్రశ్న అవుతుంది. ఆలస్యం చేయకుండా అన్న ఒక్క మాట దగ్గర ఆ దారి మూసుకుపోతుంది.

మూడు, సెక్షన్ 45. కాలం చెల్లిన రకానివి, పురాతన విలువ ఉన్నవి, చెడిపోయినవి అయిన ఆయుధాలు, రిపేరు చేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరాని స్థితిలో ఉంటే, వాటికి ఈ చట్టం వర్తించదు. జతగా ఉండాల్సిన భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న చిన్న విడిభాగాలకు కూడా అదే సెక్షన్లో మినహాయింపు ఉంది. వినడానికి ఎంత బాగుందో చూడండి. అయితే ఇక్కడ మోసపోకూడదు. రిపేరు చేసినా పనికిరాకూడదు అన్నది అసలు కొలత. సేఫ్టీ పోయిన తుపాకి పనికిరానిది కాదు, అది పేలుతుంది. ఇంకా సులువుగా పేలుతుంది. కాబట్టి ముక్క పోయింది కదా, చెడిపోయింది కదా, నాకేం కాదులే అని ఎవరూ ధైర్యంగా ఉండొద్దు. గొట్టం తూట్లు పడి, లోపలి యంత్రం మొత్తం పోయి, ఇనప కడ్డీగా మిగిలినదానికే ఈ సెక్షన్ అండ. అది కడ్డీయో తుపాకో తేల్చాల్సింది ఆయుధాల నిపుణుడు. ఆ రిపోర్టు వచ్చేది కేసు రాసిన తర్వాత. ఈలోపు మనవాడు రిమాండు చూసే వస్తాడు.

నాలుగు, సెక్షన్ 39. సెక్షన్ 3 కింద నేరానికి ఎవరినైనా కోర్టుకు లాగాలంటే ముందు జిల్లా మెజిస్ట్రేటు అనుమతి ఉండాలి. ఈ తుపాకి ఏ రకానిది, ఎవరి దగ్గర దొరికింది, ఎందుకు ఉంది, కేసు పెట్టడం న్యాయమేనా అని ఒక పెద్ద అధికారి బుర్ర పెట్టి ఆలోచించాలనే ఆ నిబంధన. ఫైలు మీద సంతకం పెట్టేటప్పుడు ఆ నాలుగు ప్రశ్నలూ వేసుకుంటున్నారా అని అడిగే హక్కు మనకుంది. మన లాయర్లు కూడా మొదటి రోజు నుంచే ఆ అనుమతి కాగితం చూపించమని అడగాలి.

ఐదు, కోర్టు మాట. దగ్గర ఉండటం అంటే తెలిసి, తన అదుపులో ఉంచుకోవడం అని సుప్రీంకోర్టు 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో వివరించింది. చూరులో ఏముందో తెలియని కోడలి మీదో, చదువుకునే పిల్లాడి మీదో కేసు నిలవకూడదు. నిలవకూడదన్నది తీర్పు. మనవాళ్లకు ఆ తీర్పు అందేది ఎన్ని వాయిదాల తర్వాత?

ఐదు సేఫ్టీలు. చట్టం పుస్తకంలో ఐదూ ఉన్నాయి. హ్యామర్ పడే సమయానికి ఒక్కటీ పట్టి ఉంచదు. ఉన్నట్టు కనపడే సేఫ్టీ అంటే ఇదే.

ఇలా ఎందుకు జరుగుతోందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. ఈ దేశంలో ఆయుధాల చట్టం పుట్టింది ప్రాణాల మీద జాగ్రత్తతో కాదు, మనుషుల మీద అనుమానంతో. 1857 తిరుగుబాటు చూసి భయపడిన తెల్లదొరలు 1878లో ఆ చట్టం తెచ్చారు. యూరోపియన్లకు మినహాయింపు, మనకు లైసెన్సు. మరుసటి ఏడాది 1879లోనే రంప కొండల్లో పితూరీ లేచింది. 1922లో అల్లూరి సీతారామరాజు దళం ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడింది. మూడు రోజుల్లో 26 తుపాకులు తీసుకుంది. ఏమేం తీసుకున్నారో స్టేషన్లోనే రాసి సంతకం పెట్టి మరీ పోయారని చరిత్ర. నూరేళ్ల తర్వాత 2022 జులై 4న భీమవరంలో ఆయనకు 30 అడుగుల కంచు విగ్రహం పెట్టారు, ప్రధానమంత్రి వచ్చి ఆవిష్కరించారు. మంచిదే. కానీ ఆయన వెంట నడిచిన మనుషుల వారసుడి చూరులో ఇనప ముక్క దొరికితే మాత్రం మొదట వచ్చేది అనుమానమే.

మన డెల్టా చరిత్ర కూడా ఇంతే. ప్రకాశం బ్యారేజి దాటగానే వచ్చే సీతానగరంలో తెల్లదొరల కాలంలో ఎరుకలను ఒకచోట కట్టడి చేసి ఉంచిన సెటిల్మెంటు ఉండేది. బాపట్ల వైపు స్టువర్టుపురం అలాంటిదే, మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ అనే దొర పేరు మీద పెట్టారు. రెండింటినీ నడిపింది సాల్వేషన్ ఆర్మీ. నేరస్థ తెగల చట్టం కింద పుట్టుకతోనే మనిషిని దొంగగా రాసిపెట్టి, హాజరు వేయించి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ అడిగిన రోజులవి. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. కాగితం మీద రద్దయింది. చూసే కళ్లలో రద్దు కాలేదు. పెద్ద రైతు ఇంటి గోడకు వేలాడే డబుల్ బ్యారెల్ హోదా. నక్కలోళ్ల గుడారంలో పిట్టల తుపాకి నేరం. తరతరాలుగా వేటే బతుకుదెరువైన ఆ జనానికి 1972 వన్యప్రాణి చట్టంతో వేట పోయింది. బదులుగా పూసలు, పిన్నీసులు అమ్ముకోవడం మిగిలింది. తుపాకి పోయినా అనుమానం మాత్రం పోలేదు.

విజయవాడ బాపు మ్యూజియంలో, హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో పాత ఆయుధాలు అద్దాల వెనక ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్లి చూపిస్తాం. వాటిని అక్కడ వారసత్వం అంటారు. పక్క రాష్ట్రం కర్ణాటకలో కొడగు జనానికి, అక్కడి జమ్మా భూముల హక్కుదారులకు తుపాకి లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. 1861లో తెల్లదొరలు ఇచ్చింది, 2019లో మన కేంద్ర ప్రభుత్వం మళ్లీ 2029 దాకా పొడిగించింది. తుపాకి వాళ్ల సంస్కృతిలో భాగం అన్నారు. మేం దాన్ని తీసేయమని అడగడం లేదు. అలాంటి మినహాయింపు మాకూ ఇచ్చి ఇంటింటికీ తుపాకి పెట్టించమనీ అడగడం లేదు. ఒక జనం దగ్గర ఉంటే సంస్కృతి, ఇంకో జనం దగ్గర ఉంటే కుట్ర ఎలా అయిందో ఆలోచించమంటున్నాం.

అవతలి వాదన కూడా వినాలి. ఒక పోలీసు మిత్రుడు మాతో అన్నాడు: "మీరు తాత జ్ఞాపకం అంటారు. రాత్రిపూట పందనుకుని మనిషిని కాల్చేసిన కేసు చూడండి, అప్పుడు మాట్లాడండి." నిజమే. నాటు తుపాకి వల్ల పోయే ప్రాణాలు ఎక్కువగా మనవే. చీకట్లో పొలానికి పోయేది మనమే, పక్క పొదలో కూర్చునేది మన బావమరిదే. సేఫ్టీ లేని తుపాకి ఇంట్లో ఉంచుకోవడం ఆత్మగౌరవం కాదు, తెలివితక్కువతనం. ఈ మాట మనలో మనం చెప్పుకోవాలి. ఉద్యమం పేరుతో కప్పిపుచ్చితే రేపు దెబ్బ తగిలేది మన పిల్లలకే.

అయితే ప్రాణాల మీద జాగ్రత్తే అసలు ఉద్దేశమైతే, ప్రభుత్వం చేయాల్సిన మొదటి పని తుపాకి చూరు నుంచి బయటికి వచ్చేలా చేయడం. కేసు భయం ఉన్నంతకాలం అది చూరులోనే ఉంటుంది. అందుకే మా డిమాండ్లు ఇవి.

లైసెన్సు గడువు తీరిన, తాతల నుంచి వచ్చిన పాత తుపాకులను అప్పజెప్పడానికి ఒక గడువు ప్రకటించాలి. ఆ గడువులో స్వచ్ఛందంగా ఇచ్చినవాళ్ల మీద, వేరే నేరంతో సంబంధం లేకపోతే, కేసు పెట్టబోమని రాతపూర్వకంగా చెప్పాలి. తండా దగ్గరికే ఆయుధాల నిపుణుడితో వచ్చి తీసుకోవాలి. ఇచ్చిన ప్రతివాడికీ రసీదు ఇవ్వాలి.

పంట కాపలా లైసెన్సుల దరఖాస్తులు, రెన్యూవళ్లు మండల కేంద్రంలోనే తీసుకోవాలి. ఇవ్వనంటే కారణం రాసి ఇవ్వాలి. లైసెన్సుదారుడు చనిపోతే వారసుడికి ఏం చేయాలో తెలుగులో నోటీసు పంపాలి. పింఛను ఆపడానికి ఉన్న తొందర ఇక్కడ కూడా చూపించాలి.

అసలు పందుల సమస్య తీర్చాలి. నిలబడి ఉన్న పంటకు ముప్పు అయినప్పుడు అనుమతి ఇచ్చే వీలు వన్యప్రాణి చట్టం సెక్షన్ 11లోనే ఉంది. కంచెకు సాయం, పంట నష్టానికి పరిహారం సమయానికి అందితే రాత్రి పొలంలో తుపాకితో కూర్చోవాలని ఏ రైతుకూ సరదా లేదు.

ఇంకొకటి. మైదాన ప్రాంత గిరిజనులం కాబట్టి ఐదో షెడ్యూలు రక్షణ మనకు లేదు, పీసా గ్రామసభ లేదు. ఏజెన్సీలో ఐటీడీఏ తలుపు కొట్టినట్టు ఇక్కడ కొట్టడానికి తలుపు లేదు. ఇలాంటి కేసుల్లో గిరిజనుల పక్షాన మాట్లాడే బాధ్యత జిల్లా గిరిజన సంక్షేమ అధికారికి అప్పజెప్పాలి.

ప్రభుత్వం చేసేలోపు మనం చేయాల్సింది కూడా ఉంది. మీ ఇంట్లోనో మీకు తెలిసిన ఇంట్లోనో ఇలాంటిది ఉంటే, మొదట దాన్ని దట్టించి ఉన్నట్టే లెక్కపెట్టుకోండి. ట్రిగ్గర్ నొక్కి చూడొద్దు, హ్యామర్ లాగి చూడొద్దు, మందు మీరే తీయబోవద్దు. పొయ్యికి, పిల్లలకు దూరంగా తాళం వేసిన చోట ఉంచండి. కమ్మరి దగ్గరికో లేతు షాపుకో తీసుకుపోవద్దు. సంచిలో పెట్టుకుని బస్సెక్కొద్దు, దారిలో దొరికితే ఆ ప్రయాణమే నేరంగా రాస్తారు. ముందు లాయరును కలవండి. 1987 న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. లాయరు ద్వారా రాతపూర్వకంగా స్టేషన్‌కు తెలియజేసి, తండా పెద్దమనుషుల ముందు అప్పజెప్పండి. పాత లైసెన్సు ముక్క, ఎలక్షన్లప్పుడు ఇచ్చిన రసీదు, తాత డెత్ సర్టిఫికెట్, ఏది దొరికినా జతచేయండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్ష సంహిత సెక్షన్ 105 ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయాలి. తీయమని అడగండి. తుపాకి ఏ స్థితిలో ఉందో, ఏ ముక్క లేదో పంచనామాలో రాయించండి. రాయించకుండా వేలిముద్ర వేయొద్దు.

ఆ తమ్ముడు ఇప్పుడు అదే పనిలో ఉన్నాడు. లాయరమ్మ కాగితం రాసింది. ట్రంకుపెట్టెలో వెతికితే చెదలు తినగా మిగిలిన లైసెన్సు పుస్తకం దొరికింది. తాత ఫొటో సగం ఉంది, రెన్యూవల్ ముద్రలు మూడు కనపడుతున్నాయి. "ఇది సరిపోతుందా అన్నా?" అని ఫోన్లో అడిగాడు. సరిపోవాలి తమ్ముడూ అన్నాం. సరిపోతుందని గట్టిగా చెప్పలేకపోయాం.

ఆ తుపాకికి కొత్త ముక్క అక్కర్లేదు. అది మళ్లీ పనిచేయాల్సిన అవసరం లేదు. సెక్షన్ 21 దగ్గర, 39 దగ్గర, 45 దగ్గర అరిగిపోయిన గాళ్లు ఉన్నాయి. వాటిని బాగు చేయడం ఏ లేతు కుర్రాడి చేతిలోనూ లేదు. ఆ పనికి లైసెన్సు ఉన్నది ప్రభుత్వానికి, దాన్ని అడిగే మనకు. కలిసి అడుగుదాం. ఈ రాత మీ తండాలో, మీ కాలనీలో నలుగురికి చదివి వినిపించండి. చూరు వైపు ఒకసారి చూడమని చెప్పండి.

జోహార్.